క్యాన్ల లెక్క సరిపోతే చాలదు: ఒంట్లో వాపు, రక్తంలో కొలెస్టరాల్

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు, లెక్కల పుస్తకాలు మూసిన తరువాత సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు సాధారణంగా దాణా గురించి, పాలధర గురించి, బోనసు గురించి ఉంటాయి. కొంతకాలంగా మరొక ప్రశ్న కూడా తరచు వినవస్తున్నది. “రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నదన్నారు. నెయ్యి మానుకోవాలా?” అని. పాలు పోసే వారే ఈ ప్రశ్న అడుగుతున్నారు గనుక దీనిని తేలికగా తీసివేయరాదు. మేము సహకార శిక్షణలో డిప్లొమా పొందినవారమే గాని వైద్యులము కాము. అయినప్పటికీ వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్న విషయాన్ని పాడి భాషలో చెప్పుకొంటే అందరికీ ఉపయోగమని ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా ఒక సంగతి మనవి చేయాలి. మేము తనిఖీ చేసే ఒక సంఘం అధ్యక్షులు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొన్నారు. మొత్తం కొలెస్టరాల్ 238, చెడ్డదని పిలిచే ఎల్.డి.ఎల్. 162, మంచిదని పిలిచే హెచ్.డి.ఎల్. 38 వచ్చినవి. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చారు. సంక్రాంతి పోయాక మొదలుపెడదామని ఆయన వాయిదా వేశారు. ఇంతలో ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రిలో చేరారు. మూడవ రోజున అక్కడ తీసిన రక్తంలో మొత్తం కొలెస్టరాల్ 172కు, ఎల్.డి.ఎల్. 98కి దిగినవి. ఆయన ఆ కాగితాన్ని సంఘం ఆఫీసుకు తెచ్చి మాకు చూపించి, “చూశారా, మాత్ర మింగకుండానే తగ్గింది” అని సంతోషించారు. మేము కూడా తెలియక మంచిదే అన్నాము. ఎనిమిది నెలల తరువాత ఆయనకు గుండెపోటు వచ్చింది. సకాలంలో తీసుకువెళ్లారు కాబట్టి బ్రతికి బయటపడ్డారు.

ఆ కాగితంలోని అంకెలు తప్పు కావు. వాటిని మనం చదివిన తీరు తప్పు. జ్వరంలో, వాపులో ఉన్న మనిషి రక్తంలో కొలెస్టరాల్ అంకె తగ్గినంత మాత్రాన ఆపద తగ్గినట్లు కాదు. ఎందుకు కాదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాలలో వెన్న, రక్తంలో కొవ్వు

నెయ్యి నీటిలో కలవదని మనకు తెలుసు. మరి గేదె పాలలో నూటికి ఆరేడు పాళ్లు వెన్న ఉండి కూడా పాలు అంతటా ఒకే తీరుగా ఎలా ఉంటున్నవి? ఆ వెన్న కంటికి కనబడని చిన్న చిన్న గోళీలుగా ఉంటుంది. ప్రతి గోళీ చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొర వలన గోళీ నీటిలో తేలియాడగలుగుతుంది. చిలికినప్పుడు ఆ పొర చినిగి వెన్న ముద్ద కడుతుంది.

రక్తంలోనూ ఇదే ఏర్పాటు. కొలెస్టరాల్ కొవ్వుకు సంబంధించిన పదార్థం. అది విషం కాదు. ప్రతి కణం గోడకు, పిత్తరసానికి, కొన్ని హార్మోనులకు అది కావాలి. అయితే నీటి వంటి రక్తంలో అది కరగదు. కాబట్టి శరీరం దానిని రేణువులలో పెట్టి పంపుతుంది. రేణువు లోపల కొవ్వు, కొలెస్టరాల్ ఉంటాయి. పైన పలుచని పొర, ఆ పొర మీద ప్రోటీనులు ఉంటాయి. ఈ రేణువులు పాలలోని వెన్న గోళీల కంటే ఎంతో చిన్నవి. ఎల్.డి.ఎల్. రేణువులను వంద, నూటయాభై వరుసగా పేరిస్తే గాని ఒక సగటు వెన్న గోళీ అంత పొడవు రాదు.

ఈ రేణువులను మన రూటు వ్యానులతో పోల్చుకోవచ్చు. కాలేయం మన డెయిరీ వంటిది. డెయిరీ నుండి ప్యాకెట్లు బూత్‌లకు వెళ్లినట్లు కాలేయం నుండి కొవ్వును తీసుకొని వి.ఎల్.డి.ఎల్. అనే రేణువులు బయలుదేరుతాయి. దారిలో కొవ్వును దింపుకొంటూ పోగా చివరకు కొలెస్టరాల్ ఎక్కువగా మిగిలిన రేణువే ఎల్.డి.ఎల్. హెచ్.డి.ఎల్. దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. ఊరూరా తిరిగి క్యాన్లు ఎత్తుకొని డెయిరీకి చేర్చే వ్యాను వలె, అవయవాలలో, రక్తనాళాల గోడలలో మిగిలిపోయిన కొలెస్టరాల్‌ను ఎత్తుకొని కాలేయానికి చేరుస్తుంది. మంచిది, చెడ్డది అనే పేర్లు ఈ పనిని బట్టి వచ్చినవే. రెండింటిలో ఉన్న కొలెస్టరాల్ ఒకటే.

ఈ పేర్లు కూడా మన పాల పరీక్షకు దగ్గరివే. పాల సాంద్రతను మనం లాక్టోమీటరుతో చూస్తాము. గెర్బర్ పద్ధతిలో బ్యుటిరోమీటరును సెంట్రిఫ్యూజులో తిప్పి వెన్నను వేరుచేస్తాము. 1950 ప్రాంతాన అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జాన్ గాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు రక్తాన్ని అతి వేగంగా తిరిగే సెంట్రిఫ్యూజులో పెట్టి ఈ రేణువులను సాంద్రతను బట్టి వేరుచేశాడు. తక్కువ సాంద్రత గలది ఎల్.డి.ఎల్., ఎక్కువ సాంద్రత గలది హెచ్.డి.ఎల్. కొవ్వు ఎక్కువైతే తేలిక, ప్రోటీను ఎక్కువైతే బరువు. హెచ్.డి.ఎల్. బరువులో దాదాపు సగం ప్రోటీనే. ఈ సంగతి గుర్తుంచుకొనగలరు. వాపు వచ్చినప్పుడు ముందుగా మారేది ఆ ప్రోటీనే.

వాపు అంటే ఏమిటి?

పొదుగు వాపు చూడని పాడి రైతు ఉండడు. పొదుగు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, చెయ్యి వేస్తే పశువు తన్నుతుంది. సూక్ష్మజీవులు లోపలికి చొరబడినప్పుడు వాటిని చంపడానికి రక్తంలోని తెల్లకణాలు అక్కడకు చేరడం వలన ఇదంతా జరుగుతుంది. ఇది శరీరం చేసే యుద్ధం. మనిషి ఒంట్లో గాయానికి, జ్వరానికి, నెమ్ముకు, కీళ్లవాతానికి కూడా ఇదే పద్ధతి.

అయితే పైకి కనబడని వాపు మరొకటి ఉన్నది. పొదుగు మామూలుగానే కనబడుతుంది, పాలలో గడ్డలు ఉండవు, పశువు మేత మానదు. కాని కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష చేస్తే గిన్నెలో పాలు చిక్కబడి జిగురు కడతాయి. ఈ దాగిన వాపు వలన దిగుబడి నెలల తరబడి తగ్గిపోతుంది. మనిషి ఒంట్లో కూడా ఇటువంటి దాగిన వాపు ఉంటుంది. చిగుళ్ల జబ్బు, పొగత్రాగుట, పొట్ట చుట్టూ పేరుకొన్న కొవ్వు, అదుపులో లేని మధుమేహం, కీళ్లవాతం, సోరియాసిస్ వంటి చర్మవ్యాధి, ఇవన్నీ దానికి నిలయాలు.

పొదుగు వాపులో మరొక పాఠం కూడా ఉన్నది. ఆ పశువు ఇచ్చేవి పాలే. క్యానులో పోస్తే క్యాను నిండుతుంది. కాని ఆ పాలలో చక్కెర తగ్గుతుంది, రక్తం నుండి ఉప్పు దిగుతుంది, పెరుగుకు, జున్నుకు ఆధారమైన కేసీను తగ్గుతుంది. లీటర్ల లెక్క సరిపోతుంది, సరుకు మారిపోతుంది. కొలెస్టరాల్ రేణువుల విషయంలో జరిగేది సరిగ్గా ఇదే.

జ్వరంలో అంకెలు ఎందుకు మారుతాయి?

ఒంట్లో ఎక్కడైనా వాపు మొదలైతే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి కబురు పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. కబురు కాలేయానికి అందుతుంది. వెంటనే కాలేయం తన రోజువారీ పనులు తగ్గించుకొని యుద్ధసామగ్రి తయారీకి పూనుకుంటుంది. తుఫాను వచ్చినప్పుడు వ్యానులు పాలరూట్లు మాని మంచినీరు, బియ్యం మోయడానికి వెళ్లినట్లు ఉంటుందిది.

అప్పుడు రక్తంలో మూడు మార్పులు కనబడతాయి. ఒకటి, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరుగుతుంది. కాలేయం వి.ఎల్.డి.ఎల్. రేణువులను ఎక్కువగా పంపుతుంది. వాటి నుండి కొవ్వును దింపే ఎంజైము మాత్రం నెమ్మదిస్తుంది. రెండు, హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. మూడు, మనుషులలో ఎల్.డి.ఎల్., దానితోపాటు మొత్తం కొలెస్టరాల్ కూడా తగ్గుతాయి. పెద్ద జబ్బులలో ఈ తగ్గుదల చాలా ఎక్కువగా ఉంటుంది. జబ్బు నయమయ్యాక కొన్ని వారాలలో అంకెలు మళ్లీ పాత స్థితికి వస్తాయి. గుండెపోటు వచ్చిన ఒకటి రెండు రోజుల తరువాత తీసిన రక్తంలో కూడా ఎల్.డి.ఎల్. ఉన్నదానికంటె తక్కువగా కనబడడానికి కారణం ఇదే.

మన అధ్యక్షులవారి రెండవ కాగితంలో హెచ్.డి.ఎల్. 22కు పడిపోయి, ట్రైగ్లిజరైడ్లు 190 నుండి 260కి పెరిగి ఉన్నవి. ఆ రెండు గడులను ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు. తగ్గిన అంకెను మాత్రమే చూసుకొన్నాము.

వ్యాను అదే, మనుషులు మారారు

హెచ్.డి.ఎల్. రేణువు మీద పనిచేసే ముఖ్యమైన ప్రోటీను ఎపో ఎ-1. రక్తనాళం గోడ నుండి కొలెస్టరాల్‌ను ఎత్తుకోవడం దీని పని. దానికి తోడుగా పారాక్సొనేజ్ అనే ఎంజైము కూడా ఉంటుంది. కొవ్వు కనరు వాసన పట్టకుండా, అనగా ప్రాణవాయువుతో కలిసి పాడుకాకుండా చూడడంలో ఇది సాయపడుతుంది. నెయ్యిని మూత తీసి ఎండలో ఉంచితే ఏమవుతుందో మనకు తెలుసు. రక్తంలో ఆ స్థితి రాకుండా కాపలా ఉండే ఎంజైము ఇది.

వాపు వచ్చినప్పుడు కాలేయం సీరమ్ అమిలాయిడ్ ఎ అనే మరొక ప్రోటీనును తయారుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది నామమాత్రంగా ఉంటుంది. తీవ్రమైన వాపులో ఒకటి రెండు రోజులలోనే వెయ్యి రెట్ల వరకు పెరగగలదు. ఇది వచ్చి హెచ్.డి.ఎల్. మీద కూర్చుంటుంది. ఎపో ఎ-1 తన స్థానం నుండి తొలగింపబడుతుంది. పారాక్సొనేజ్ కూడా తగ్గుతుంది. ఫలితంగా హెచ్.డి.ఎల్. పేరుకు హెచ్.డి.ఎల్. గానే ఉన్నా, కొలెస్టరాల్‌ను ఎత్తుకొచ్చే శక్తి, కాపలా కాసే శక్తి సన్నగిల్లుతాయి.

తనిఖీ భాషలో చెప్పాలంటే, గేటు రిజిస్టరులో వ్యాను వచ్చినట్లు సంతకం ఉంటుంది. క్యాన్లు మాత్రం దిగవు. వ్యాను మీద పాత పనివాళ్లు లేరు, వేరేవాళ్లు ఎక్కి కూర్చున్నారు. రిజిస్టరు మాత్రమే చూసే ఇన్‌స్పెక్టరుకు ఈ సంగతి తెలియదు. మామూలు రక్తపరీక్ష రిజిస్టరు వంటిదే. హెచ్.డి.ఎల్. రేణువులలో ఎంత కొలెస్టరాల్ ఉన్నదో అది చెప్పగలదు. ఆ రేణువులు ఎంత పని చేస్తున్నవో చెప్పలేదు.

పాడి రైతులకు ఇంకొక మాట. ఈ అమిలాయిడ్ ప్రోటీను ఆవులలో కూడా ఉన్నది. పొదుగు వాపు ఉన్న ఆవు రక్తంలో పెరుగుతుంది. దానికి సంబంధించినదే మరొక రకం పొదుగులోనే తయారై పాలలో కనబడుతుంది. దానిని కొలిచి దాగిన పొదుగు వాపును పట్టుకొనే పరీక్షలను శాస్త్రజ్ఞులు రూపొందించారు.

గోడలో చిక్కిన ఎల్.డి.ఎల్.

ఇక ఎల్.డి.ఎల్. సంగతి. రక్తనాళం లోపలి గోడ నున్నగా ఉంటుంది. రక్తంలో ఎల్.డి.ఎల్. ఎక్కువై సంవత్సరాల తరబడి అలాగే ఉంటే కొన్ని రేణువులు గోడలోకి చొరబడి అక్కడే చిక్కుకుంటాయి. వాపు ఉన్నచోట ఆ గోడ మరింత సులభంగా దారి ఇస్తుంది, తెల్లకణాలు దానికి అంటుకుంటాయి. చిక్కిన రేణువు క్రమంగా ప్రాణవాయువుతో కలిసి పాడవుతుంది. పాడైన రేణువును శరీరం తన సరుకుగా గుర్తించదు. తెల్లకణాలు దానిని చెత్తగా భావించి మింగుతాయి. మింగి మింగి నురుగు వలె ఉబ్బుతాయి. ఆ కణాలు తిరిగి కబురు పదార్థాలు వదలుతాయి. మరిన్ని కణాలు వస్తాయి. వాపు వలన కొవ్వు పాడవుతుంది, పాడైన కొవ్వు వలన వాపు పెరుగుతుంది. ఇలా ఏర్పడిన మెత్తని దిమ్మ ఒకనాడు పగిలితే దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు ఇంకొక మార్పు జరుగుతుంది. రేణువుల మధ్య కొవ్వు, కొలెస్టరాల్ మార్పిడి జరిగి ఎల్.డి.ఎల్. రేణువులు చిన్నవిగా, గట్టివిగా మారుతాయి. ఇవి రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయి, తొందరగా పాడవుతాయి. మొత్తం ఎల్.డి.ఎల్. అంకె పెరగకుండానే రేణువుల సంఖ్య పెరిగి ఉండవచ్చు. పెద్ద క్యాన్లు పది ఉండే చోట చిన్న క్యాన్లు పదిహేను ఉన్నట్లు.

మన దేశంలో ఈ విషయం ముఖ్యమైనది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన నాలుగు ప్రాంతాలలో జరిపి 2014లో ప్రకటించిన సర్వేలో నూటికి 72 మందికి హెచ్.డి.ఎల్. తక్కువగానూ, దాదాపు 30 మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగానూ ఉన్నట్లు తేలింది.

ప్రకృతి ఇలా ఎందుకు చేసింది?

శరీరం తనకు తానే కీడు ఎందుకు చేసుకుంటుందని సభ్యులు అడగవచ్చు. నిజానికి కొద్దికాలపు జబ్బులో ఈ మార్పులు మేలే చేస్తాయి. కొన్ని సూక్ష్మజీవుల పైపొరలో ఉండే విషాన్ని ఈ రేణువులు పట్టి బంధిస్తాయి. పెరిగిన కొవ్వు పోరాడే కణాలకు ఆహారం అవుతుంది.

దీనికి పశువుల జబ్బుతోనే ఒక నిదర్శనం ఉన్నది. సర్రా వ్యాధి మన గేదెలకు, గుర్రాలకు, ఒంటెలకు వస్తుంది. మనుషులకు సాధారణంగా రాదు. ఆ క్రిమిని చంపే ఎపో ఎల్-1 అనే ప్రోటీను మనిషి హెచ్.డి.ఎల్. మీద ఉండడమే దానికి కారణం. 2004లో మహారాష్ట్రకు చెందిన ఒక రైతుకు సర్రా సోకింది. పరీక్షించగా ఆయన రక్తంలో ఈ ప్రోటీను పుట్టుకతోనే లేదని తేలింది. మందు ఇవ్వగా కోలుకొన్నారు. హెచ్.డి.ఎల్. కొవ్వు మోసే వ్యాను మాత్రమే కాదు, కాపలాదారు కూడా అని దీని వలన తెలుస్తున్నది.

కాబట్టి వారం రోజుల జ్వరంలో వ్యానులు రూటు మానడం తప్పు కాదు. తుఫాను వెలిసిన తరువాత కూడా రూటుకు రాకపోవడమే తప్పు. చిగుళ్లలో, పొట్టలో, కీళ్లలో సన్నని వాపు సంవత్సరాల తరబడి ఉంటే వ్యానులు ఎన్నటికీ పూర్తిగా రూటుకు రావు. ఆపద అక్కడ ఉన్నది.

కీళ్లవాతం రోగులు దీనికి ఉదాహరణ. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు వారి ఎల్.డి.ఎల్. తక్కువగా కనబడుతుంది. అయినా ఇతరుల కంటే వారికి గుండెజబ్బు సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. వాపు తగ్గించే మందులు ఇస్తే కొందరిలో ఎల్.డి.ఎల్. అంకె పెరుగుతుంది. అంకె ఒక్కటే చూసేవారు కంగారు పడతారు. వైద్యులు మాత్రం రెండూ చూస్తారు.

పరీక్షలలో తేలిన నిజాలు

రక్తనాళాల జబ్బులో వాపు పాత్ర ఉన్నదని జర్మనీకి చెందిన విర్కోవ్ 1850ల దశకంలోనే చెప్పాడు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ మేపి వాటి రక్తనాళాలలో దిమ్మలు కట్టడం చూపించాడు. చాలాకాలం ఈ రెండు మాటలు వేరు వేరుగానే నడిచినవి. అమెరికాలో ఎల్.డి.ఎల్. కణంలోకి ఎలా వెళ్తుందో కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎల్.డి.ఎల్. తగ్గించే స్టాటిన్ మాత్రలు లక్షలాది ప్రాణాలు కాపాడినవి. ఆ విషయంలో సందేహం లేదు.

హెచ్.డి.ఎల్. విషయం అలా తేలలేదు. టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్.డి.ఎల్. అంకెను సుమారు 70 శాతం పెంచింది. కాని పదిహేను వేల మందిపై జరుగుతున్న పరీక్షలో ఆ మందు తీసుకొన్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో దానిని నిలిపివేశారు. ఆ మందు రక్తపోటును పెంచడం కూడా అందుకు ఒక కారణం. ఆ తరువాత వచ్చిన అటువంటి ఇతర మందులు కూడా హెచ్.డి.ఎల్. పెంచినంత మాత్రాన గుండెను కాపాడలేదు. వ్యానుల సంఖ్య పెంచినంతలో క్యాన్లు రావని దీని సారాంశం.

వాపును మాత్రమే తగ్గిస్తే ఏమవుతుందో చూడడానికి మరొక పెద్ద పరీక్ష జరిగింది. గుండెపోటు వచ్చి, వాపును తెలిపే సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా దీనిలో చేరారు. కెనకినుమాబ్ అనే సూదిమందు ఇచ్చారు. ఎల్.డి.ఎల్. మారలేదు. అయినా మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 15 శాతం తగ్గినవి. ఇది 2017లో ప్రకటించబడింది. అయితే ప్రాణాపాయమైన అంటువ్యాధులు కొద్దిగా పెరిగినవి. యుద్ధం చేసే సైన్యాన్ని తగ్గిస్తే శత్రువుకు దారి దొరుకుతుంది గదా.

కాల్చిసిన్ అనే మందు కూడా వాపును తగ్గిస్తుంది. 2020లో ప్రకటించిన ఒక పరీక్షలో మేలు కనబడింది. 2024 నాటి మరొక పెద్ద పరీక్షలో గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చినవారిలో మేలు కనబడలేదు. ఈ మందు గల మొక్క మన కంచెల మీద పాకే అగ్నిశిఖ. దీనిని అడవినాభి అని కూడా అంటారు. దాని దుంప కొద్దిగా తిన్నా ప్రాణం పోతుంది. పశువులకూ విషమే. మందు పేరు విని ఎవరూ దుంప జోలికి పోరాదని గట్టిగా హెచ్చరిస్తున్నాము.

మరి నెయ్యి సంగతి ఏమిటి?

మనది పాల పత్రిక కాబట్టి నెయ్యిని వెనకేసుకు రావాలని కొందరు ఆశించవచ్చు. ఉన్న మాట చెప్పడమే మన సంఘాలకు గౌరవం. పాలవెన్నలో మూడింట రెండు వంతుల వరకు సంతృప్త కొవ్వు ఉంటుంది. అది ఎక్కువైతే ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. ఆరోగ్యవంతుడు అన్నంలో కొద్దిగా వేసుకొంటే ఇబ్బంది లేదు. ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారు, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటరాదు. వారు వెన్న తీసిన పాలు, మజ్జిగ నిరభ్యంతరంగా త్రాగవచ్చు.

నెయ్యికి బదులు చవకగా దొరికే వనస్పతి వాడడం మాత్రం మేలు కాదు. పాత పద్ధతిలో గడ్డకట్టించిన నూనెలోని ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్. పెంచుతుంది, హెచ్.డి.ఎల్. తగ్గిస్తుంది, వాపునూ పెంచుతుంది. అందుకే 2022 జనవరి నుండి మన దేశంలో దీనిని నూటికి రెండు పాళ్లకు మించరాదని నిర్ణయించారు. ఇక రోజుకు ఒక కట్ట బీడీలు త్రాగుతూ నెయ్యి ఒక్కటి మానుకొన్నవాడు, పొదుగు వాపు ఉన్న గేదెకు దాణా మార్చి ఊరుకొన్న రైతు వంటివాడు.

సభ్యులు గమనించవలసినవి

1. జ్వరం, నెమ్ము, ఆపరేషన్, పెద్ద దెబ్బ తరువాత వెంటనే తీసిన కొలెస్టరాల్ రిపోర్టును ఆధారం చేసుకోరాదు. కోలుకొన్న తరువాత కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించుకోవాలి. పరీక్ష సమయంలో జబ్బు ఉన్న సంగతి డాక్టరుకు చెప్పాలి.

2. అంకె తగ్గిందని మాత్రలు సొంతంగా మానరాదు. మాత్ర వలన తగ్గిన అంకె మాత్ర మానితే మళ్లీ పెరుగుతుంది.

3. మొత్తం కొలెస్టరాల్ ఒక్కటే చూడరాదు. ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు మూడూ చూపించాలి.

4. డాక్టరు అవసరమని చెప్తే సి.ఆర్.పి. పరీక్షలోని సున్నితమైన రకం చేయించుకోవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపు మంచిది, మూడు దాటితే ఆపద ఎక్కువ. పది దాటితే అప్పటికి ఏదో జబ్బు ఉన్నదని అర్థం. అది తగ్గాక తిరిగి చూడాలి.

5. బీడీ, చుట్ట, సిగరెట్టు మానాలి. పొగ మానితే హెచ్.డి.ఎల్. పెరుగుతుంది.

6. చిగుళ్ల నుండి రక్తం వస్తుంటే పళ్ల డాక్టరుకు చూపాలి. మధుమేహం అదుపులో ఉంచాలి. కీళ్లు ఉదయం పూట బిగుసుకొని వాస్తుంటే వయసు అని ఊరుకోరాదు.

7. పొట్ట తగ్గించాలి. వెనుక మేత కోసి, గడ్డి మోసిన కాళ్లు ఇప్పుడు బండి దిగకుండా పాలకేంద్రానికి వస్తున్నవి. రోజుకు అరగంట చురుకుగా నడిస్తే వాపు తగ్గుతుంది.

8. నడుస్తున్నప్పుడు గుండె మీద బరువు పెట్టినట్లు ఉండడం, నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం జరిగితే గ్యాసు అని ఇంట్లో కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముగింపు

పాలకేంద్రంలో మనం లీటర్లు మాత్రమే చూసి డబ్బు ఇవ్వము. వెన్న చూస్తాము, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము, వాసన చూస్తాము, అనుమానం ఉంటే పొదుగు కూడా చూస్తాము. ఇంటి గేదె పాలకు చూపే ఈ జాగ్రత్తను మన సొంత రక్తానికి కూడా చూపాలని కోరుతున్నాము.

పైన చెప్పిన అధ్యక్షులవారు ఇప్పుడు మాత్రలు వాడుతున్నారు, చుట్ట మానారు, ఉదయం పాలకేంద్రానికి నడిచి వస్తున్నారు. ఆయన ఆసుపత్రి నాటి కాగితాన్ని చించివేయలేదు. రక్తపరీక్ష కాగితం పట్టుకొని వచ్చే సభ్యులకు దానిని చూపించి, “ఇది ఏ రోజు తీసిన రక్తం? అప్పుడు ఒంట్లో ఏముంది?” అని అడుగుతున్నారు. ప్రతి సభ్యుడు తన రిపోర్టును చదివేముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకొంటే మా ప్రయత్నం ఫలించినట్లే.